చేప చూసే కంభం

కట్ట మీంచి, కొండ మీంచి, డ్రోన్ మీంచి కంభం చెరువును అందరూ ఫొటో తీశారు. నీటి లోపలి నుంచి తీయాలంటే ఏ లెన్సు కావాలి? దాని ముందు ఎలాంటి గాజు ఉండాలి? మన చెరువుల నీళ్లు ఏ కెమెరాకు లొంగుతాయి?

కంభం చెరువు నిండిన ఏడాది మార్కాపురం, గిద్దలూరు, బేస్తవారిపేట కుర్రాళ్ల ఫోన్లలో ఒకటే బొమ్మ. రెండు కొండల నడుమ కట్ట, దాని వెనక ఏడు కిలోమీటర్ల పొడవున, మూడున్నర కిలోమీటర్ల వెడల్పున పరుచుకున్న నీరు, పైన సాయంత్రపు ఎండ. బొమ్మ బాగుంటుంది. బాగుంటుంది కాబట్టే అందరూ అదే తీస్తారు.

విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మ, జంపలేరు నీళ్లను ఆపడానికి గండికి అడ్డంగా వేసిన కట్ట ఇది. గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని ఈ ప్రాంతం తరతరాలుగా చెప్పుకుంటోంది. కట్ట ఎత్తు 57 అడుగులని బ్రిటిష్ కాలపు గెజిటీర్ రాసింది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేర్చింది. ఐదు వందల ఏళ్లుగా ఇన్ని ఊళ్ల కడుపు నింపుతున్న ఈ నీటిని లోపలి నుంచి చూపించిన ఫొటో ఒక్కటీ నా కంటపడలేదు. ఆ ఫొటో తీయొచ్చు. దానికి స్కూబా సిలిండర్లు అక్కర్లేదు, సముద్రానికి పోనక్కర్లేదు. మనిషి నీళ్లలోకి దిగాల్సిన పని కూడా లేదు. వెడల్పుగా చూసే లెన్సు, దాని ముందు సరైన ఆకారంలో ఉన్న గాజు ఉంటే చాలు. ఆ రెండింటినీ ఎంచుకోవడంలోనే కిటుకంతా ఉంది.

ముందు నీటిని కొలవండి

నీటి అడుగు ఫొటోగ్రఫీ గురించి మనకు అందే సలహాలన్నీ అండమాన్, మాల్దీవులు, ఎర్ర సముద్రం లాంటి చోట్ల పుట్టినవి. అక్కడ ఇరవై ముప్పై మీటర్ల అవతల ఉన్న పగడపు దిబ్బ కూడా కనిపిస్తుంది. చెరువు నీళ్లలో సన్నటి ఒండ్రు తేలుతుంటుంది, పాచి పెరుగుతుంది. మీటరు, రెండు మీటర్లకే చూపు ఆగిపోతుంది. సముద్రం కోసం రాసిన సలహా పట్టుకుని సామాను కొంటే, ఆ సామాను చెరువు గట్టున పనికిరాకుండా పోతుంది.

అందుకే లెన్సు ధర చూసే ముందు నీటిని కొలవాలంటాను. పద్ధతి పాతది, దాదాపు ఖర్చు లేనిది. 1865లో ఇటలీకి చెందిన ఏంజెలో సెక్కి అనే ఖగోళ శాస్త్రవేత్త పోప్ నౌక మీంచి తెల్లటి పళ్లాలను సముద్రంలోకి దించి, ఎంత లోతులో కనుమరుగవుతాయో లెక్కగట్టాడు. సరస్సుల పరిశోధకులు ఇవాళ్టికీ అదే చేస్తున్నారు. మనకు ఇంట్లో ఉన్న తెల్లటి ప్లేటు, దాన్ని మునగనిచ్చే ఒక రాయి, జానెడు జానెడుకీ ముడి వేసిన తాడు చాలు. మిట్టమధ్యాహ్నం, నీడ పడే వైపు నుంచి దించాలి. ప్లేటు మాయమైన చోట ముడులు లెక్కపెట్టుకోవాలి.

ఈ పనిలో ఉన్నవాళ్లు పాటించే మోటు లెక్క ఒకటుంది. కంటికి ఎంత దూరం కనిపిస్తుందో అందులో ఐదో వంతు లోపల ఉన్నదాన్నే ఫొటో తీయాలి. అది దాటితే బొమ్మ మసకబారుతుంది, రంగు పోతుంది. మీ ప్లేటు ఒకటిన్నర మీటరు లోతులో మాయమైందనుకోండి. ఫొటోకు మీకు మిగిలింది 30 సెంటీమీటర్లు. మూరెడు కూడా లేదు.

ఆ కాస్త దూరంలో ఏం పడుతుందో చూద్దాం. ఇప్పటి ఫోన్లలో ప్రధాన కెమెరా సాధారణంగా 24 మి.మీ. లెన్సుతో సమానం. గాలిలో అది మూల నుంచి మూలకు 84 డిగ్రీలు చూస్తుంది. నీళ్లు చొరని సంచిలోనో, బల్లపరుపు గాజున్న పెట్టెలోనో పెట్టి నీటిలోకి దించితే ఆ 84 కాస్తా 60కి పడిపోతుంది. అప్పుడు 30 సెంటీమీటర్ల అవతల ఫ్రేములో పట్టేది మూల నుంచి మూలకు 35 సెంటీమీటర్లే. మంచి కొర్రమీను ఎదురుపడితే తల వస్తుంది, తోక రాదు. అదే దూరం నుంచి 130 డిగ్రీలు చూసే లెన్సు నాలుగు అడుగులకు పైగా పడుతుంది. చేప మొత్తం, దాని చుట్టూ ఉన్న తూడు, వెనక కట్ట రాయి, పైనుంచి దిగే వెలుగు అన్నీ వస్తాయి.

కొండల్ని, గుళ్లని తీసేవాళ్లు దూరం నుంచే అంతా పట్టాలని వైడ్ యాంగిల్ వాడతారు. చెరువులో దాన్ని వాడేది దగ్గరికి చేరడానికి. మధ్యలో నీరు ఎంత తగ్గితే బొమ్మ అంత తేటపడుతుంది.

రంగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నీరు ఎరుపును మింగేస్తుంది. చెరువు నీటిలో కలిసిన ఆకుల కషాయం, పాచి నీలాన్ని మింగేస్తాయి. మిగిలేది పచ్చ. సముద్రంలో తీసేవాళ్ల కోసం అమ్మే ఎర్ర ఫిల్టరు పచ్చటి నీళ్లకు సరిపోదు, వాటికి మెజెంటా ఫిల్టరు కావాలి. కానీ మధ్యనున్న నీరు జానెడే అయినప్పుడు పోయే రంగూ తక్కువే, ఫిల్టరు లేకుండానే పని జరుగుతుంది. ఫ్లాష్ జోలికి వెళ్లకండి. ఒండ్రు మీద పడిన వెలుగు తిరిగి లెన్సులోకే కొట్టి ఫొటో నిండా తెల్లచుక్కలు పోస్తుంది. కంభం వైపు ఎండకు కొదవ లేదు, దాన్నే వాడుకోండి.

బల్లపరుపు గాజు ఎక్కడ ఓడిపోతుంది

చెరువు రేవులో దిగిన ప్రతివాళ్లకూ ఇది అనుభవమే. మోకాలి లోతనుకున్న మెట్టు తొడ దాకా వస్తుంది. నాలుగు అడుగుల లోతు కంటికి మూడు అడుగుల్లా ఆనుతుంది. నీటిలోంచి గాలిలోకి వచ్చే వెలుగు వంగడమే దీనికి కారణం. నీటి వక్రీభవన గుణకం 1.33 అని పదో తరగతిలో చదువుకున్నదే.

కెమెరాను నీటిలోకి తీసుకెళ్లే పెట్టెను హౌసింగ్ అంటారు, లెన్సు ముందు దానికి బిగించే గాజును పోర్ట్ అంటారు. పోర్ట్ బల్లపరుపుగా ఉంటే రేవులో మన కంటికి జరిగే మోసమే లెన్సుకూ జరుగుతుంది. అన్నీ పావు వంతు దగ్గరగా, మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి, చూపు కోణం కుంచించుకుపోతుంది. చిన్న పురుగునో, నత్తనో దగ్గర్నుంచి తీసే మాక్రో లెన్సుకు ఇది మేలే చేస్తుంది. వైడ్ లెన్సుకు మాత్రం చేటు. అంచుల్లో వెలుగు మరీ ఏటవాలుగా వంగి రంగులు విడిపోతాయి, మూలలు సాగుతాయి. ఇంకో హద్దు కూడా ఉంది. ఎంత వెడల్పు లెన్సు పెట్టినా బల్లపరుపు గాజు గుండా నీటిలో 97 డిగ్రీలకు మించి చూడటం భౌతికశాస్త్రం ప్రకారం కుదరదు. ఈ 97 అనే అంకెను గుర్తుపెట్టుకోండి, దీనితో మనకు ఇంకా పనుంది.

గోళంలోంచి చూస్తే

విరుగుడు డోమ్ పోర్ట్, అంటే సగం బంతిలా ఉబ్బిన గాజు. లెన్సులోకి వెలుగు ప్రవేశించే బిందువును సరిగ్గా ఆ గోళం కేంద్రంలో ఉంచితే, ప్రతి కిరణమూ గాజుకు నిటారుగా తగులుతుంది. నిటారుగా తగిలింది వంగదు. గాలిలో 130 డిగ్రీలు చూసే లెన్సు నీటిలోనూ 130 చూస్తుంది. అయితే ఆ ప్రవేశ బిందువు లెన్సు లెన్సుకూ మారుతుంది. అందుకే హౌసింగ్‌కూ డోమ్‌కూ మధ్య ఎక్స్‌టెన్షన్ రింగులు వేస్తారు. ఏ లెన్సుకు ఏ డోమ్, ఎన్ని మిల్లీమీటర్ల రింగు అన్నది హౌసింగ్ తయారీదారులే పట్టికగా ఇస్తారు. ఆ పట్టిక చూడకుండా డోమ్ కొనడం మాత్రం వద్దు. రింగు తేడా వస్తే అంచులు అలుక్కుపోతాయి, గీతలు వంకరపోతాయి.

డోమ్ ఉచితంగా ఏమీ ఇవ్వదు. గాలితో నిండిన ఆ గోళం నీటిలో తానే ఒక లెన్సులా పనిచేస్తుంది. ఎంత దూరాన ఉన్న వస్తువైనా డోమ్ ఉపరితలానికి దాని వ్యాసార్ధానికి మూడింతల దూరంలో ఉన్నట్టు కెమెరాకు కనిపిస్తుంది. నాలుగు అంగుళాల డోమ్ వ్యాసార్ధం సుమారు 5 సెంటీమీటర్లు. అంటే దాని వెనకున్న లెన్సుకు నీటి ప్రపంచమంతా 15 సెంటీమీటర్ల లోపలే మొదలై అక్కడే అయిపోతుంది. 30 సెంటీమీటర్ల దూరంలోని చేప 9 సెంటీమీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. అంత దగ్గర ఫోకస్ చేయలేని లెన్సును ఈ డోమ్ వెనక పెడితే ఒక్క ఫొటో కూడా పదునుగా రాదు. మొదట్లో వచ్చిన కొన్ని యాక్షన్ కెమెరాల పెట్టెలు గాలిలో చక్కగా, నీటిలో మసకగా తీయడానికి ఇదే కారణం. వాటి ముందున్న చిట్టి డోమ్ లోకాన్నంతా వేలెడు దూరానికి లాక్కొచ్చింది, ఫోకస్ మార్చుకోలేని లెన్సు దాన్ని అందుకోలేకపోయింది. తర్వాత వాటికి బల్లపరుపు గాజు వేయాల్సి వచ్చింది.

రెండో చిక్కు మూలలది. డోమ్ చూపించే ఆ దగ్గరి బొమ్మ చదునుగా ఉండదు, గిన్నెలా వంగి ఉంటుంది. కెమెరా సెన్సరేమో చదును. నడిమి పదునుంటే మూలలు మెత్తబడతాయి. 16–35 లాంటి గీతల్ని తిన్నగా ఉంచే వైడ్ జూమ్‌లకు ఈ బాధ ఎక్కువ. వాటికి ఎనిమిది, తొమ్మిది అంగుళాల డోమ్ కావాలి, ఎపర్చర్‌ను ఎఫ్/11 దాకా బిగించాలి. ఫిష్‌ఐ లెన్సు గీతల్ని ఎలాగూ వంచుతుంది, దగ్గర ఫోకస్ కూడా బాగా చేస్తుంది, కాబట్టి చిన్న డోమ్‌తో సర్దుకుపోతుంది. టోకినా 10–17 ఫిష్‌ఐ సెన్సరు నుంచి 14 సెంటీమీటర్ల దాకా, కెనాన్ 8–15 ఫిష్‌ఐ 15 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వస్తాయి. ఏళ్ల తరబడి నీటి ఫొటోగ్రాఫర్లు ఈ రెంటినీ వదలకపోవడానికి ఆ అంకెలే కారణం.

పెద్ద డోమ్‌కు మరో గుణముంది, కొట్లో చేత్తో పట్టుకుంటే అది తెలియదు. 23 సెంటీమీటర్ల వ్యాసమున్న అర్ధగోళం మూడు లీటర్లకు పైగా నీటిని పక్కకు తోస్తుంది. అంటే మూడు కిలోల బలంతో కెమెరా మూతిని పైకి లేపుతుంది. నాలుగు అంగుళాల డోమ్ తోసేది పావు లీటరు. తూడు మధ్య, రాళ్ల సందుల్లో, కర్రకు కట్టి దించే పనిలో ఈ తేడా చాలా పెద్దది. మన చెరువులకు నా ఓటు చిన్న డోమ్‌కూ ఫిష్‌ఐకే.

అక్రిలిక్ డోమా, గాజు డోమా అని తగువులాడేవాళ్లు చాలామంది. పెద్ద గాజు డోమ్ ధర కొన్నిసార్లు మంచి కెమెరా ధరతో పోటీపడుతుంది. అక్రిలిక్ తేలిక, చవక. గీతలు త్వరగా పడతాయన్నది నిజమే. కానీ అక్రిలిక్ వక్రీభవన గుణకం 1.49, అది నీటికి దగ్గర. సన్న గీతల్లో నీరు నిండగానే చాలావరకు కనిపించకుండా పోతాయి, మిగిలిన వాటిని పాలిష్ పెట్టి తీసేయొచ్చు. రాళ్ల కట్టల పక్కన పనిచేసేవాళ్లకు అక్రిలిక్కే తగినది.

ఇంత సరంజామా కొనలేనివాళ్లకు మరో దారి ఉంది. చిన్న కెమెరాకు బల్లపరుపు పోర్టే ఉంచి, దాని బయట నీటిలోనే తగిలించే వెట్ లెన్సు పెట్టుకోవచ్చు. నాటికామ్ సంస్థ చేసే డబ్ల్యూడబ్ల్యూఎల్ రకం 28 మి.మీ. లెన్సును 130 డిగ్రీలకు విప్పుతుంది. ఇంకా పాత సంప్రదాయం నికోనోస్‌ది. సముద్ర అన్వేషకుడు కస్తో బృందం కోసం బెల్జియం ఇంజినీరు జాన్ ద వూటర్స్ రూపొందించిన కాలిప్సో కెమెరాను 1963లో నికాన్ ఆ పేరుతో అమ్మింది. ఆ తర్వాత దానికి వచ్చిన 15 మి.మీ. లెన్సు ముందుగాజు నేరుగా నీటినే తాకుతుంది, డోమ్ ఊసే లేదు. ఫిల్ము వాడేవాళ్లు దాన్ని ఇప్పటికీ కళ్లకద్దుకుంటారు.

నీటి కిటికీ

ఇప్పుడు ఆ 97 దగ్గరికి వద్దాం.

నిశ్చలమైన నీటి కింద నుంచి పైకి చూస్తే ఆకాశమంతా ఒక గుండ్రటి కిటికీలో ఇమిడిపోతుంది. దీన్ని స్నెల్ కిటికీ అంటారు. దాని వెడల్పు కూడా అదే 97 డిగ్రీలు. నడినెత్తిన సూర్యుడి నుంచి దిగంతంలోని కొండల దాకా నీటి పైనున్నదంతా ఆ వృత్తంలో ఉంటుంది. వృత్తం అవతల నీటి కప్పు అద్దంలా మారి చెరువు అడుగునే ప్రతిబింబిస్తుంది. చేపకు కనిపించే లోకం ఇదే. అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1906లో నీళ్లు నింపిన డబ్బాకు సూదిబెజ్జం పెట్టి కెమెరా చేసి, చేపకు మనం ఎలా కనిపిస్తామో ఫొటో తీసి చూపించాడు. ఫిష్‌ఐ అనే మాట ఆయనదే. 1924లో రాబిన్ హిల్ అనే శాస్త్రవేత్త మబ్బుల్ని మొత్తంగా ఒకే ఫొటోలో పట్టడానికి అదే చూపును గాజులో పోసి లెన్సు చేయించాడు.

కంభానికి కావలసిన ఫొటో ఇదేనని నా గట్టి నమ్మకం. దీనికి తేట నీరు అవసరం లేకపోవడమే ఇందులోని వరం. కెమెరాను 50 సెంటీమీటర్ల లోతులో ఆకాశం వైపు తిప్పి పెట్టండి. కిటికీ వ్యాసం సుమారు 113 సెంటీమీటర్లు వస్తుంది. దాని అంచు నుంచి వెలుగు నీటిలో ప్రయాణించేది 76 సెంటీమీటర్లే. ఒకటిన్నర మీటరు చూపున్న నీటిలో ఐదో వంతు నియమానికి ఇది లొంగదు, నిజమే. కానీ ఇక్కడ తీస్తున్నది నీటి అడుగున ఎండ తగలని చేపను కాదు, మండుతున్న ఆకాశాన్ని. వెలుగు వెనక నుంచి వస్తుంది కాబట్టి కొండల రూపురేఖలు నల్లగా నిలబడతాయి. ఇంకా మసకగా ఉంటే 30 సెంటీమీటర్లకు లేపండి.

కట్ట దగ్గర ఈ ఫొటో ఎలా వస్తుందో ఊహించండి. రెండు పక్కల కొండలు వృత్తం అంచున వంగి నిలుస్తాయి. వాటి మధ్య కట్ట, దాని మీద నడిచే మనిషి, నడుమ పుట్టిలో చేపలు పట్టేవాళ్లు వస్తే ఆ పుట్టి అడుగు. ఐదు వందల ఏళ్ల కట్టనూ, అది నిలబెట్టిన నీటినీ, ఆ నీటిని నమ్ముకున్న మనుషుల్నీ ఒక్క ఫ్రేములో చూపగల చోటు నీటి కిందే ఉంది. కిటికీ మొత్తం, దాని చుట్టూ కాస్త చీకటి అంచు పడాలంటే 97 కంటే బాగా ఎక్కువ చూడగల లెన్సు ఉండాలి. అందుకే బల్లపరుపు పోర్ట్ ఇక్కడ చేతులెత్తేస్తుంది. చిన్న డోమ్ వెనక ఫిష్‌ఐ, లేదంటే 130 డిగ్రీల వెట్ లెన్సు, ఈ రెంటిలో ఒకటి తప్పదు. గాలి లేని ఉదయాలు ఎంచుకోవాలి, అల లేస్తే కిటికీ చెదిరిపోతుంది.

సగం నీరు, సగం కొండ

పెద్ద డోమ్ తన డబ్బు తిరిగిచ్చే సందర్భం ఒకటుంది. ఫ్రేములో కింది సగం నీటి లోపల, పై సగం నీటి పైన ఉండే ఫొటో. డోమ్ చిన్నదైతే గాజుకు అంటుకుని పైకి పాకే నీటి అంచే సగం ఫ్రేమును తినేస్తుంది, కాస్త అల వచ్చినా గీత ఎగిరిపోతుంది. పెద్ద డోమ్ మీద ఆ అంచు సన్నటి గీతలా నిలుస్తుంది. పై సగంలో కొండ దూరాన, కింది సగంలో చేప చేతికందేంత దగ్గర. ఫోకస్ నీటి సగం మీద చేసి, ఎపర్చర్ ఎఫ్/16కు బిగించాలి. వెట్ లెన్సు ఇక్కడ పనికిరాదు, దానికీ పోర్ట్‌కూ మధ్య నీరు నిండి ఉండాలి కదా.

ఈ ఫొటోకు కొర్రమీను మంచి కథానాయకుడు. అది గాలి పీల్చడానికి నీటి పైకి వస్తుంది. పిల్లలు పుట్టినప్పుడు నారింజ రంగు పిల్లల గుంపు పైపైన తిరుగుతుంటే తల్లిదండ్రులు కింద కాపలా కాస్తాయి. పైన నల్లమల, కింద ఆ గుంపు పడితే అంతకంటే మన ప్రాంతపు బొమ్మ ఏముంటుంది? ఇలాంటి ఫొటోకు తగిన నీళ్లు రాచర్ల మండలంలోని నెమలిగుండ్ల రంగనాయకస్వామి కోనలోనూ ఉన్నాయి. గుండ్లకమ్మ అక్కడ కొండల మధ్య గుండంలోకి దూకుతుంది. అది అడవి, దేవుడి చోటు కూడా. అటవీ శాఖనూ, గుడివాళ్లనూ అడిగాకే కెమెరా బయటికి తీయాలి.

పలక గనుల సంగతి

వేల్స్ దేశంలోనూ మన మార్కాపురంలాగే పలక రాయి తవ్వారు. గనులు మూతపడ్డాక వాటిలో నీళ్లు నిండాయి. లాన్‌బెరిస్ దగ్గర వివియన్ గనిలో డైవింగ్ కేంద్రమే వెలసింది. నాంట్లె లోయలోని డొరొథియా గనిలో నీరు వంద మీటర్లు దాటిన లోతు. అక్కడ ఎంతోమంది డైవర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మార్కాపురం చుట్టుపక్కల వదిలేసిన పలక గుంతల్లో వాననీరు నిలవడం చూసి ఎవరికైనా ఇదే ఆలోచన రావొచ్చు. కదలిక లేని నీటిలో ఒండ్రు అడుగుకు దిగిపోతుంది కాబట్టి తేటగా ఉండే అవకాశం ఎక్కువే. కానీ నిటారు గోడలు, పొరలు పొరలుగా ఊడే రాయి, పట్టు దొరకని అంచు. అక్కడ మనిషి దిగకూడదు, అంచుకు కూడా పోకూడదు. డైవింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్లకు విశాఖలో రుషికొండ, మంగమారిపేట వైపు శిక్షణ ఇచ్చేవాళ్లున్నారు. నేర్చుకుని రండి.

అప్పటిదాకా కర్రే మన డైవర్. పొడవాటి వెదురుకో, అల్యూమినియం గొట్టానికో హౌసింగ్ బిగించి, ఇన్ని సెకన్లకో ఫొటో చొప్పున తీసేలా టైమర్ పెట్టి దించండి. వైఫై, బ్లూటూత్ సంకేతాలు నీటిలో చాలా కొద్ది దూరమే పోతాయి, ఫోన్ నుంచి షట్టరు నొక్కొచ్చనే ఆశ పెట్టుకోవద్దు. హౌసింగ్ మూత చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగును ప్రతిసారీ తీసి, తుడిచి, దానికి చెప్పిన గ్రీజు పలచగా రాయండి. మన దగ్గర దుమ్ము ఎక్కువ, ఒక్క వెంట్రుకో, ఇసుక రేణువో ఉన్నా నీరు లోపలికి దారి చేసుకుంటుంది. మొదటిసారి కెమెరా లేకుండా, లోపల పొడి కాగితం పెట్టి ముంచి చూడండి. ఎండలో వేడెక్కిన పెట్టెను చల్లటి నీటిలో దించితే డోమ్ లోపల ఆవిరి పడుతుంది. పొడిగా ఉన్న ఉదయపు గాలిలోనే మూత బిగించి, లోపల సిలికా జెల్ పొట్లం పెట్టి, నీడలో ఉంచాలి.

వానలు ఆగి, కొత్త నీరు కుదుటపడిన పుష్య, మాఘ మాసాలు ఈ పనికి అనువు. ఎండాకాలం వస్తే పాచి పెరుగుతుంది, నీరు వెనక్కి పోతుంది. చేపలు పట్టే సొసైటీవాళ్లతో ముందుగా మాట్లాడుకుంటే వలలు ఎక్కడున్నాయో, నీరు ఏ మూల తేటగా ఉందో వాళ్లే చెబుతారు. వాళ్ల కంటే ఆ నీటిని ఎరిగినవాళ్లు లేరు. తూముల దగ్గర, అలుగు పారే చోట మాత్రం కెమెరా దించొద్దు. లోపలికి లాగే నీటి బలం పైకి కనిపించదు. కర్రకు కట్టిన తాడు కాక, హౌసింగ్‌కు విడిగా రెండో తాడు కట్టి, దాన్ని గట్టు మీద రాతికి ముడివేయండి. మీ నడుముకు కట్టుకోవద్దు.